శాంతి విభాగానికి దాత దొరికిన కథ

విశ్వవిద్యాలయాల ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలకు ముందుగా ఒక హెచ్చరిక. పైవాళ్లు మిమ్మల్ని గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, టీ తెప్పించి, "మీ మాటతీరు బాగుంటుందమ్మా, అందుకే ఈ పని మీకే అప్పగిస్తున్నాం" అన్నారనుకోండి. ఆ పని వద్దని అప్పటికే ముగ్గురు తప్పించుకున్నారని అర్థం. టీ తాగండి. బిస్కెట్లు కూడా తినండి. ఒప్పుకోక ఎలాగూ తప్పదు.

నాకు అలా అంటగట్టింది దాతల విభాగం. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లు. మదనపల్లె శివార్లలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ఉండేది. ఇప్పుడు ఆ పేరుతో వెతికినా దొరకదు. అక్కడ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా, ఫెయిలైన పిల్లల తల్లిదండ్రుల చేత తిట్లు తింటూ హాయిగా ఉండేదాన్ని. అప్పుడే మా వైస్ చాన్సలర్ గారు ఏదో దేశంలో సదస్సుకు వెళ్లి, మెడలో బ్యాడ్జీతో, బుర్రలో ఒక ఆలోచనతో తిరిగొచ్చారు. ప్రపంచమంతా కొట్టుకు చస్తోంది కాబట్టి, మదనపల్లెలో శాంతి, వివాద పరిష్కార అధ్యయనాల విభాగం పెట్టి తీరాలన్నారు.

పెట్టారు. విభాగాధిపతిగా ఢిల్లీలో చదువుకున్న ఒక పెద్దాయన వచ్చారు. ఎక్కడెక్కడి యుద్ధాలో ఆయనకు కంఠతా వచ్చు. ఆయన కింద లెక్చరరుగా అనంతపురం నుంచి ఒక అమ్మాయి చేరింది. చురుకైనది, నోరు కూడా చురుకే. విభాగానికి రెండు గదులిచ్చారు. ఖర్మకొద్దీ ఒక గదికే కిటికీ ఉంది. అధిపతిని కాబట్టి అది నాదన్నారాయన. ముందు చేరాను కాబట్టి నాదంది ఆమె. వారం తిరిగేసరికి ఇద్దరికీ మాటల్లేవు. దాతల పనితో పాటు శాంతి విభాగం కాగితాల పనీ నా మీదే పడింది కాబట్టి, ఆయన ఆమెకు ఏదైనా చెప్పాలంటే నాతో చెప్పేవారు, ఆమె జవాబు నాతో పంపేది. ఆయన పంపిన మాటలో గరుకు తీసేసి ఆమెకు, ఆమె పంపిన మాటలో కారం తీసేసి ఆయనకు చేరవేసేదాన్ని. ఆ విభాగంలో వివాద పరిష్కారం చేసినదాన్ని అప్పటికి నేనొక్కదాన్నే.

మొదటి ఏడాది చేరిన విద్యార్థులంతా ఒక ఆటోలో పట్టేవాళ్లు. మా మదనపల్లె షేర్ ఆటో లెక్క వేసుకుంటే ఆ సంఖ్య మరీ చిన్నదేం కాదులెండి.

విభాగానికి సొంత భవనం కావాలి, భవనానికి దాత కావాలి. ఆ వేటకు నన్ను వదిలారు. మొదట టమాటా మండీ యజమాని దగ్గరికి వెళ్లాను. శాంతి కోసం సాయం కావాలి సార్ అని మొదలుపెట్టగానే ఆయన జాలిగా చూశాడు.

"శాంతి అంటే మీ బిడ్డనా అమ్మా? ఆస్పత్రిలో ఉండాదా?"

కాదు సార్, ప్రపంచ శాంతి అన్నాను. ఆయన ముఖంలో జాలి పోయింది, నాకు టీ కూడా పోయింది.

తర్వాత పట్టుచీరల వ్యాపారి హాస్టలుకు గంగాళం ఇస్తానన్నాడు. అలా తిరిగి తిరిగి పుంగనూరులో ఒకాయన ఇంటికి చేరాను. కుప్పం దగ్గర గ్రానైటు క్వారీ ఉన్న మనిషి. వాకిట్లో రెండు పొట్టి ఆవులు, వాటి పక్కన వాటికి నాలుగింతలున్న కారు. నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. బట్టీ పట్టుకొచ్చిన ఉపన్యాసం నేను మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపాడు.

"అదంతా ఎందుకులేమ్మా. రాయి ఎంత పెద్దది పెడతారు?"

"ఏ రాయి సార్?"

"నా పేరు రాసే రాయి."

"మీరు ఎంత పెద్దదంటే అంత."

"అట్లయితే నేనే కోయిస్తా. రాయి నాదే గదా!" అని తృప్తిగా నవ్వాడు. గడప దాకా సాగనంపుతూ, దాపరికం లేకుండా అసలు సంగతి కూడా చెప్పేశాడు. "ఊరోళ్లతో కోర్టులో ఒక యవ్వారం ఉండాదమ్మా. పెద్దమనిషి అని నలుగురూ అనుకునే పని ఏదన్నా చెయ్యమని లాయరు చెప్పినాడు. శాంతి అంటే బాగనే ఉండాది."

తిరిగొచ్చి ఆ మాట వైస్ చాన్సలర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "తగువులున్నవాళ్లకే కదమ్మా శాంతి విలువ తెలిసేది!" అని ఆయన నన్నే ఓదార్చారు.

భవనం లేవడం మొదలైంది. లారీల మీద లారీలు రాళ్లు దిగుతున్నాయి. అదే సమయంలో లెక్చరరమ్మాయి తన విద్యార్థులను తీసుకుని కుప్పం వైపు ఒక ఊరికి వెళ్లింది. పుస్తకాల్లోని యుద్ధాలు చదివి విసుగెత్తింది, కళ్లెదుటి తగువొకటి పట్టుకోవాలని ఆమె పంతం. ఆ ఊళ్లో గొర్రెలు గుట్ట మీదికి పోయే పాత దారికి ఒక క్వారీవాళ్లు ముళ్ల కంచె వేశారట. గొర్రెలు చుట్టూ తిరిగి, సరిగ్గా రాయి పేల్చే చోటి కింద నుంచి పోవాల్సి వస్తోందట. యజమానురాలు ఎవరో ఆడమనిషని, బోర్డు మీద ఆమె పేరే ఉందని, ఇంత కఠినురాలిని ఎక్కడా చూడలేదని పిల్లలు తిరిగొచ్చి కథలు కథలుగా చెప్పారు. నేనూ వింటూ ఆ మహాతల్లిని రెండు తిట్లు తిట్టాను.

నాలుగు రోజులకు మా భవనం ముందు రాళ్లు దించుతున్న లారీని చూసి ఒక విద్యార్థిని కేక పెట్టింది. "మేడమ్! ఆ క్వారీ లారీ ఇదే! పేరు చూడండి!"

చూశాను. ఎవరి పేరని డ్రైవరును అడిగితే, పుంగనూరు దాత గారి భార్యదన్నాడు.

వైస్ చాన్సలర్ గారి గదిలో ఆ మధ్యాహ్నం పెద్ద పంచాయితీ. ఊరు మార్చమన్నారాయన. "జిల్లాలో ఇంకే తగువూ లేనట్టు ఇదే దొరికిందా?" అని లెక్చరరు మీద లేచారు. ఆమె మార్చనంది. విభాగాధిపతి కిటికీలోంచి బయటికి చూస్తూ, అధ్యయనాన్ని కొంతకాలం వాయిదా వేయడం గురించి ఆలోచించవచ్చునేమో అన్నారు. అంటే ఆయన భయపడ్డారని అర్థం.

ఇంతలో సంగతి క్వారీ మేనేజరు ద్వారా దాత గారికి తెలిసింది. కారేసుకుని వచ్చేశాడు. భవనం పోయిందనే అనుకున్నాం. ఆయన మాత్రం మహా సంతోషంగా ఉన్నాడు.

"మంచిదే గదా సార్! నా బిల్డింగులో నా తగువే తీరిపోతే ఇంకేం కావల్ల? ప్రారంభోత్సవం రోజు ఊరోళ్లను పిలిపీండి. స్టేజీ మీద శాలువా కప్పుతా, చెయ్యి కలుపుతా, పొటో తీపిస్తాం. ఆ పొటో లాయరుకిస్తే సరిపోతాది."

వైస్ చాన్సలర్ గారి ముఖం వెలిగిపోయింది. ఊరివాళ్లను పిలిచే పని, ఇక చెప్పాలా, మాటతీరు బాగుండే నాకు పడింది. లెక్చరరమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. దారంతా ఆమె నాతో మాట్లాడలేదు. తగువుకు బేరం కుదర్చడానికి పోతున్నామని కోపం.

ఆ ఊళ్లో అందరూ ఒక పెద్దావిడ మాట వింటారు. సొంత మంద ఉంది, భర్త లేడు, ఎవరి మొహమాటమూ లేదు. నేను చెప్పిందంతా విని, తలమీది దుప్పటి సర్దుకుంది.

"ఆయప్ప ఒక్క దినమన్నా మా ఊరు తొక్కినాడా? సమాదానానికి మేము మదనపల్లెకి రావల్లనా?"

"మీకు బస్సు పంపిస్తారంటమ్మా."

"సూడు, సూడు! నడిసి పోయే దారి ఇయ్యప్పా అంటే బస్సు ఇస్తాండాడు!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. లెక్చరరు కూడా నవ్వేసింది. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "వస్తాంలేమ్మా. అందురి ముందర అడగల్లని మాకూ ఉండాది" అంది.

ప్రారంభోత్సవం రోజు వచ్చింది. భవనానికి కింది అంతస్తే అయింది, పైది దాత గారి దయ మీద ఆధారపడి ఉంది. సభావేదిక నున్నటి నల్లరాయి, ఆయనదే. గోడ మీద ఆయన పేరున్న రాయి ఎంత పెద్దదంటే, విభాగం పేరు దాని కింద అడ్రసులా కనబడుతోంది. ఊరివాళ్లు ముందు వరుసల్లో కూర్చున్నారు. విభాగాధిపతి ప్రపంచంలోని యుద్ధాలన్నీ ఒక చుట్టు చుట్టొచ్చారు. తర్వాత పెద్దావిడను పైకి పిలిచి, దాత గారు శాలువా కప్పబోయాడు. ఆమె దాన్ని చేత్తో అందుకుని చంకలో పెట్టుకుంది. ఫొటోగ్రాఫరు చెయ్యి కలపమని సైగ చేశాడు. ఆమె మైకు పట్టుకుంది.

"అయ్యా, అమ్మా, ఈడ తగువులు తీర్చే సదువు సెప్తాండారంట. ఒక మాట అడుగుతా. మా దారికి కంచె ఏసినారు. గొర్రెలు సుట్టూ తిరిగి మందు పేలే కాడికే పోతాండాయి. సూడి గొర్రెలు బెదిరి ఈసుకుపోతాండాయి. పుట్టకముందే సచ్చిన పిల్లల్ని నా చేత్తో పూడ్సినా. ఇప్పుడు ఈ శాలువా తీసుకోని నేను ఇంటికి పోతే, ఆడ కంచె ఉంటాదా, పోతాదా?"

వైస్ చాన్సలర్ గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, శాంతి అనేది ముందు మనసులో రావాలి."

"మనసులో వస్తాదిలే సామీ. గొర్రెలు యాడ పోవల్ల?"

వెనక వరుసల్లో విద్యార్థులు నవ్వారు. అప్పుడు అందరి చూపూ విభాగాధిపతి మీదికి మళ్లింది. ఆయన వాయిదా వేస్తారనే నేననుకున్నాను. నుదురు తుడుచుకున్నారు. పక్కకు తిరిగి, నెలల తరబడి పలకరించని లెక్చరరుతో నేరుగా, "ఆ ఊరికి వెళ్లింది మీరు. మీరే చెప్పండి" అన్నారు.

ఆమె లేచింది. "కంచె తీయకుండా చేతులు కలిపితే అది రాజీ కాదండీ. ఒకరి నోరు మూయించడం. ముందు కంచె తీస్తే, మిగతావన్నీ కూర్చుని మాట్లాడుకోవచ్చు."

దాత గారు లేచి నిలబడ్డాడు. "నా రాయి మీద నిలబడి నన్నే అంటారా!" అని వేదిక దిగి వెళ్లిపోయాడు. కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఊరివాళ్లు మాత్రం పోలేదు. భోజనాలు చేసి, పెరుగన్నం బాగుందని మెచ్చుకుని, ఆయన పంపిన బస్సులోనే తిరిగి వెళ్లారు.

మర్నాడు వైస్ చాన్సలర్ గారు నన్ను పిలిచారు. మళ్లీ టీ, మళ్లీ బిస్కెట్లు. పుంగనూరు వెళ్లి క్షమాపణ చెప్పాలి, ఎలాగైనా బతిమాలాలి, లేకపోతే లెక్చరరును ఇంటికి పంపాల్సి ఉంటుంది అన్నారు. చివరి మాట దగ్గర నా టీ చల్లారిపోయింది. ఆ అమ్మాయి జీతం మీద ఒక సంసారం నడుస్తోందని నాకు తెలుసు. పళ్లబుట్ట కొనుక్కుని బస్సెక్కాను.

వెళ్లేసరికి దాత గారు బెంగుళూరు పోయి ఉన్నాడు. ఆయన భార్య వాకిట్లో ఆవుకు కుడితి పెడుతోంది. పిల్లలూ నేనూ తిట్టిపోసిన మహాతల్లి ఈమే. మెత్తగా, కొంచెం బెదురుగా ఉండే మనిషి.

"రామ్మా. సభలో నా పేరు పెట్టి తిట్టినారంట గదా?"

"మీ పేరు ఎవరూ ఎత్తలేదక్కా. క్వారీ సంగతే..."

"క్వారీ బోర్డు మీద ఉండేది నా పేరే గదా. మా చెల్లెలు పోను చేసి అడగతాంది, ఏమక్కా, గొర్రెల ఉసురు పోసుకుంటాండావంట అని. కాయితాలు తెస్తాడు, పెట్టు అంటాడు, సంతకం పెడతా. ఆ గుట్ట యాడ ఉండాదో కూడా నాకు తెల్దమ్మా." అలా అంటూ ఆవు మెడ నిమిరింది.

నేను వచ్చింది క్షమాపణ చెప్పడానికి. అదంతా నోటి దాకా వచ్చి ఉంది. కానీ బయటికి వచ్చింది వేరే మాట. "చూసొద్దామా అక్కా?"

ఆమె కుడితి బక్కెట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్లి చీర మార్చుకొచ్చింది. "డ్రైవరు ఉండాడు. ఆయన రేపు గానీ రాడు. పద."

పలమనేరు దాటేదాకా నా ఉద్యోగం గురించే ఆలోచించాను. ఆ తర్వాత ఆలోచించి లాభం లేదనిపించింది. క్షమాపణ కోసం కొన్న పళ్లు బయటికి తీసి ఇద్దరం తినడం మొదలుపెట్టాం. డ్రైవరుకూ ఒక యాపిల్ ఇచ్చాం. అతను దాన్ని చేత్తో పట్టుకుని, తినాలా, సార్‌కు ఫోన్ చెయ్యాలా అని సతమతమవుతూ కుప్పం దాకా నడిపాడు.

క్వారీ గేటు దగ్గర మేనేజరు అడ్డుకున్నాడు. కొత్తగా చేరినవాడు. "ఓనరమ్మ పర్మిషన్ లేందే లోపలికి ఎవురినీ ఇడిసేది లేదు."

"ఆ ఓనరమ్మ నేనేనప్పా."

అతను బోర్డు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను పళ్లబుట్ట ముందుకు చాపాను.

లోపలికి వెళ్లేసరికి సైరను మోగింది. అవతల గుట్ట కింద చుట్టుదారిలో మంద వస్తోంది. వెనక ఆ పెద్దావిడే. కేకలేస్తూ గొర్రెలను ముందుకు తోలుతోంది. మందు పేలింది. నేల అదిరింది. చెవులూ కళ్లూ మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి మంద చెల్లాచెదురై, కొన్ని కంచె ముళ్లలో చిక్కుకున్నాయి. ఆ మెత్తటి మనిషి, కారు దిగడానికి డ్రైవరు చెయ్యి పట్టుకున్న మనిషి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కంచె దగ్గరికి పరుగెత్తింది. చిక్కుకున్న గొర్రెను విడిపించబోయి అరచెయ్యి చీరుకుంది. దాని పొట్ట మీద చెయ్యి వేసి చూసింది.

"ఇది సూడిది గదా!" అంది. అవతలివైపు నుంచి పెద్దావిడ చేరుకుంది. కంచెకు ఇటొకరు, అటొకరు. ఇద్దరూ కలిసి దాన్ని విడిపించారు.

"మా ఆవు సూడితో ఉంటే దీపావళికి వాకిట్లో టపాసులు కూడా కాల్చనీను నేను" అంది ఈమె, ఎవరితోనో కాదు, తనతోనే.

"నువ్వెవురమ్మా?" అని అడిగింది పెద్దావిడ.

ఈమె జవాబు చెప్పడానికి సిగ్గుపడింది. బోర్డు వైపు చూపించింది. పెద్దావిడకు చదువు రాదు. నేను చదివి చెప్పాను. ఆమె మొహం గట్టిపడింది. తిడుతుందనే అనుకున్నాను. చీరుకుపోయిన అరచెయ్యి చూసి, చెంగు కొస చించి కట్టింది. కడుతూనే తిట్టింది. కంచె వేసిన దినం నుంచి జరిగినదంతా ఏకరువు పెట్టి, ఒక్క గొర్రెనూ వదలకుండా, తీరిగ్గా తిట్టింది. ఈమె ఒక్క మాటకూ అడ్డు చెప్పలేదు. కట్టు ముడి పడ్డాక, వెనకే వచ్చి నిలబడ్డ మేనేజరు వైపు తిరిగింది.

"కంచె తియ్యి."

"సార్‌ను అడగల్లమ్మా..."

"సార్ పేరు యాడుండాది? బోర్డు సదువు."

ఆ సాయంత్రమే దారి మేరకు కంచె ఊడింది. ఈ మాట రాయడానికి ఎంత సులువుగా ఉందో, తర్వాత జరిగింది అంత సులువు కాదు. పుంగనూరు ఇంట్లో చాలా రోజులు పొయ్యి మీద పొగ కంటే గదుల్లో పొగ ఎక్కువగా ఉండేదట. దాత గారు రెండుసార్లు కంచె మళ్లీ వేయించబోయాడు. రెండుసార్లూ ఆమె సంతకాలు ఆపేసింది. గొర్రెలు గుట్ట ఎక్కాకే మందు పేల్చాలన్న ఒప్పందానికి లెక్చరరమ్మాయి, విద్యార్థులు ఇరుపక్కలనూ కూర్చోబెట్టి నెలల తరబడి నానా తంటాలు పడ్డారు. పేలుళ్లకు బీటలు వారిన ఊళ్లో ఇళ్ల గోడల తగువు ఆ తర్వాత కూడా కోర్టులో నడిచింది. ఊరి మీద పడే క్వారీ దుమ్ము సంగతి ఎవరూ తేల్చలేకపోయారు.

లెక్చరరు ఉద్యోగం నిలిచింది. నిలిపింది విభాగాధిపతి. ఆమెను పంపితే నేనూ పోతానని రాజీనామా తీసుకెళ్లి వైస్ చాన్సలర్ గారి బల్ల మీద పెట్టారు. ఆయన వల్ల అంత పని అవుతుందని ఆయనక్కూడా అప్పటిదాకా తెలియదనుకుంటాను. కిటికీ గది మాత్రం ఆమెకు ఇవ్వలేదు. శాంతికీ ఒక హద్దుంటుంది.

పై అంతస్తు రానే లేదు. శిక్షగా నన్ను మళ్లీ పరీక్షల విభాగానికి పంపారు. ఆ రోజు ఆఫీసంతా మైసూర్ పాక్ పంచాను. కొన్నేళ్లకు చేరేవాళ్లు లేక శాంతి విభాగం మూతపడింది. అక్కడ చదివిన పిల్లల్లో ఇద్దరు ముగ్గురు తగువులు తీర్చే పనుల్లోనే ఉన్నారని విన్నాను. మిగతావాళ్లు మనందరిలాగే తగువులు పడుతూ బతుకుతున్నారు.

రిటైరవడానికి కొంచెం ముందు, ఆడపిల్లల హాస్టలు కోసం దాతలను చూడమని మళ్లీ నాకే టీ పోశారు. పుంగనూరు బస్టాండులో ఆ పాత దాత గారు ఎదురయ్యాడు. చూడనట్టు పోతాడనుకున్నాను. దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, బాగుండావా? మీ సదువేమో గానీ నా కొంపకి వచ్చి పడింది. ఇప్పుడు ఏ కాయితం పెట్టినా ఆయమ్మ మొత్తం సదివి గానీ సంతకం పెట్టదు. అర్థం కాని కాడ నన్నే అడగతాంది. సగం నాకూ తెల్దు, ఏం చెప్పేది!" అని, కోపమో నవ్వో తెలియని మొహంతో ఇంటి వైపు చెయ్యి చూపాడు. "దానం గీనం కావాలంటే నేరుగా పోయి ఆమెనే అడుగు."

వెళ్లాను. ఆమె కాఫీ ఇచ్చింది. హాస్టలు సంగతి చెప్పాను. రాయి ఎంత పెద్దది కావాలన్నా పెడతామని అలవాటు కొద్దీ అన్నాను. ఆమె రాయి సంగతి పట్టించుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"ఆడ ఎవురెవురు ఉంటారు? ఆ బిడ్డలను అడిగినారా, ఏం కావల్లనో?"

ఎవరూ అడగలేదు. ఆ మాటే చెప్పాను.

"అట్లయితే ముందు పోయి అడిగిరామ్మా" అని, ఖాళీ అయిన నా గ్లాసులో మళ్లీ కాఫీ పోసింది. "తొందరేం లేదులే, తాగి పో."